బొటనవేళ్ళు

మా గల్లీ గ్రూపులో మూడువందల పన్నెండు మందిమి.
పొద్దున్నే గులాబీలు, శుక్రవారం ముబారక్‌లు,
ఎవరో పారేసుకున్న స్కూటీ తాళం,
ఇంట్లో పెట్టిన ఆవకాయ, కిలో ఆరువందలు,
పదకొండు దాటినా ఆగని పెళ్ళి బ్యాండు మీద కోపం.
అడ్మిన్ని నేను.
మౌలాలి కమాను దాటినంక ఎడమచేతికి జిరాక్స్ షాపు.
అసలు పేరు అండాలు, అది ఆధార్ కార్డుకే తెలుసు,
అందరికీ జిరాక్సక్కను.

బోనాలు అయిన వారానికి, రాత్రి ఒంటిగంటకు
గుడ్ల బండి ఖుర్షీద్‌బీ గొంతు వచ్చింది గ్రూపులోకి.
రాయరాదు ఆమెకు. పద్నాలుగు సెకన్లు, వెనక వాన.
"నాలా పక్క మూత కొట్కపోయింది బిడ్డా,
నా కుర్చీ అడ్డం పెట్టిన, ఎర్ర చున్నీ కట్టిన,
పొద్దుగాల బడి పిల్లలు అటే పోతరు."

తెల్లారేసరికి
నూట ఎనభై బొటనవేళ్ళు లేచినయి.
పసుపుపచ్చటివి, నున్నటివి,
గీత ఒక్కటి లేనివి.
ఏడుపు మొహాలు ఇరవై. దండాలు నలభై.
ఎవరో కార్పొరేటర్ని తిట్టిండు,
ఇంకెవరో తిట్టినాయన్ని తిట్టిండు,
మధ్యాహ్నానికి అది ఎవరి పార్టీ, ఎవరి దేవుడు దాకా పోయి
ముగ్గురు గ్రూపు వదిలిపోయిండ్రు.
కుర్చీ మాత్రం అక్కడ్నే,
మోకాళ్ళ లోతు నీళ్ళల్ల.

సిగ్గనిపించింది.
ఆ పద్నాలుగు సెకన్లు నేనూ తొమ్మిది దాకా వినలేదు.
విన్నంక నేనూ ఒక బొటనవేలే పెట్టిన.

కుర్చీ ఫోటో తీసి, కింద దరఖాస్తు టైపు చేసిన.
"షాపులో ఉంది. సంతకం పెన్నుతో.
జిరాక్స్ పైసలు వద్దు," అని గ్రూపులో వేసిన.

మొదటి రోజు నలుగురు.
లోకోషెడ్డులో రిటైరైన సుగుణాకర్ సారు
నా అక్షరదోషాలు దిద్దినంకనే సంతకం పెట్టిండు.
ఫిలోమినా టీచర్ సంతకాన్ని ఫోటో తీసి
"పన్నెండో నంబరు ఇల్లు వచ్చింది, పదమూడు ఏది?"
అని గ్రూపులో అడిగింది.
తిట్లు చేయని పని ఆ హాజరు చేసింది.
పదమూడు వచ్చింది. పద్నాలుగుకు తాళం.
పదిహేను లుంగీ మీదనే ఉరికొచ్చింది.
బ్యాండు పెట్టించిన ఇల్లూ వచ్చింది,
బ్యాండు మీద కోప్పడ్డ ఇల్లూ వచ్చింది.
దారానికి కట్టిన ఒకే పెన్ను
ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయింది.
మాట్లాడుకోలేదు. పెన్ను మాత్రం అందించుకున్నరు.

షాపు కట్టేసే వేళకు ఖుర్షీద్‌బీ,
మెట్టు కిందనే నిలబడి:
"సంతకం రానోళ్ళది చెల్తదా?"
స్టాంపు ప్యాడు మూత తీస్తే ఎండిపోయి ఉంది.
రెండు చుక్కల నీళ్ళు పోసి
ఆమె వేలు పట్టుకుని ఒత్తిన.
కాగితం మీద నాలా నీళ్ళు సుడి తిరిగినట్టు గీతలు,
అడ్డంగా ఉల్లిగడ్డ కోసిన గాటు ఒకటి,
పెనం కాల్చిన మచ్చ ఒకటి.
నూట ఎనభైలో లేనివన్నీ
ఆ ఒక్కదాంట్లో ఉన్నయి.

సోమవారం ప్రజావాణికి పదకొండుమందిమి పోయినం.
మిగిలినోళ్ళు "లైవ్ లొకేషన్ పెట్టు అక్కా" అన్నరు.
పెట్టిన. మూడు గంటలు
ఒక నీలం చుక్క ఆఫీసు వరండాల కూసున్నది.

తొమ్మిది రోజులకు మూత వచ్చింది.
కొంచెం వంకర. ఆటో పోయినప్పుడల్లా టక్కుమంటది.
"మనం వేయించినం" అని గ్రూపులో రాసినోళ్ళల్ల
సంతకం పెట్టనోళ్ళే ఎక్కువ. పోనీ,
ఈసారి వస్తరేమో.

గులాబీలు ఇప్పటికీ వస్తున్నయి, నేను ఆపలేదు.
కుర్చీ నా షాపులో ఉంది, ఒక కాలికి తుప్పు.
లైన్లో నిలబడలేనోళ్ళు కూసుంటరు.
వీధిలైట్ల దరఖాస్తు నడుస్తున్నది,
ఇరవై మూడు దగ్గర ఆగింది.
దారం తెగి పెన్ను ఎటో పోయింది.
వచ్చేటప్పుడు ఎవరన్నా
ఒకటి పట్టుకురండి.